ఇంగ్లిష్ సందేహాలు: ‘ఇండియా హాజ్’ అనాలా, ‘ఇండియా హావ్’ అనాలా?

ప్రశ్న: ఇండియా అనే పేరు ఏకవచనమనీ, దాని పక్కన ‘ఈజ్’, ‘హాజ్’ మాత్రమే రావాలనీ బడిలో నేర్చుకున్నాం. కానీ క్రికెట్ వ్యాఖ్యానంలో ‘ఇండియా హావ్ వన్ ది టాస్’ అనీ, ‘ఇండియా ఆర్ టూ హండ్రెడ్ ఫర్ త్రీ’ అనీ తరచుగా వినిపిస్తుంది. కొన్ని పత్రికలు కూడా ‘ఇండియా విన్’ అనే శీర్షిక పెడతాయి తప్ప ‘విన్స్’ అనవు. పోటీ పరీక్షలకు చదువుతున్న నాలాంటివారు దేన్ని పాటించాలి?
– ఒక డిగ్రీ విద్యార్థిని, ఖమ్మం

జవాబు: మీరు బడిలో నేర్చుకున్నదీ, వ్యాఖ్యానంలో విన్నదీ రెండూ సరైనవే. రెండు చోట్లా పేరు ఒకటే అయినా, ఆ పేరుతో చెప్పదలచుకున్నది వేరు. దేశాన్ని ఉద్దేశించినప్పుడు ఇండియా ఎప్పుడూ ఏకవచనమే. ‘ప్రపంచంలో పాల ఉత్పత్తిలో ఇండియాది మొదటి స్థానం’ అనే అర్థంలో ‘ఇండియా ఈజ్ ది లార్జెస్ట్ ప్రొడ్యూసర్ ఆఫ్ మిల్క్’ అనాలి. అక్కడ ‘ఆర్’ పెడితే అది కచ్చితంగా తప్పు. మైదానంలోకి దిగిన పదకొండు మంది ఆటగాళ్లను ఉద్దేశించినప్పుడు మాత్రం బ్రిటిష్ ఇంగ్లిష్ ఆ పేరును బహువచనంగా చూస్తుంది. క్రికెట్ భాష ఇంగ్లండులో రూపుదిద్దుకొని మనకు వచ్చింది కనుక, ఆ అలవాటు కూడా దానితోపాటే వచ్చింది. ‘ఇండియా ఆర్ టూ హండ్రెడ్ ఫర్ త్రీ’ అన్నప్పుడు ఆ వ్యాఖ్యాత మాట్లాడుతున్నది దేశం గురించి కాదు, మూడు వికెట్లు పోగొట్టుకొని రెండు వందల పరుగులు చేసిన జట్టు సభ్యుల గురించి.

టీమ్, కమిటీ, గవర్నమెంట్, ఫ్యామిలీ, స్టాఫ్, జ్యూరీ, ఆడియన్స్ వంటి సమూహవాచకాలన్నిటికీ ఈ పద్ధతే వర్తిస్తుంది. బ్రిటన్‌లో ‘ది గవర్నమెంట్ హాజ్’ అనీ అంటారు, ‘ది గవర్నమెంట్ హావ్’ అనీ అంటారు. అమెరికన్లు సాధారణంగా ఏకవచనానికే కట్టుబడి ఉంటారు. జట్టును ఊరి పేరుతో పిలిచినప్పుడు కూడా ‘బోస్టన్ ఈజ్’ అంటారు. అయితే పేరులోనే బహువచన రూపం ఉంటే వారు కూడా, న్యూయార్క్ బేస్‌బాల్ జట్టు యాంకీస్ విషయంలోలాగా, ‘ది యాంకీస్ ఆర్’ అనక తప్పదు. అందువల్ల అక్కడి బడుల్లో చదువుకుంటున్న మన పిల్లలు ‘ఇండియా హావ్’ అనే ప్రయోగాన్ని తప్పుగా భావిస్తే ఆశ్చర్యపడనక్కరలేదు. వారికి అలవడిన ఇంగ్లిష్‌లో అది నిజంగానే వింతగా వినిపిస్తుంది.

మన వ్యాకరణ పుస్తకాలు దీనికి ఒక సూత్రం చెబుతాయి. సమూహమంతా ఒక్కటిగా వ్యవహరిస్తే ఏకవచనం, సభ్యులు వేర్వేరుగా వ్యవహరిస్తే బహువచనం వాడాలన్నది ఆ సూత్రం. జ్యూరీ ఏకాభిప్రాయానికి వస్తే ‘వాజ్’, అభిప్రాయాలు చీలితే ‘ది జ్యూరీ వర్ డివైడెడ్ ఇన్ దెయిర్ ఒపీనియన్స్’ అనాలన్నమాట. పరీక్షలో మీరు దీన్నే పాటించండి, ఎందుకంటే ప్రశ్నలు సాధారణంగా దీని ఆధారంగానే వస్తాయి. అయితే బ్రిటిష్ వారి వాడుక అంత కట్టుదిట్టంగా ఉండదని కూడా తెలుసుకోవాలి. టాస్ గెలవడంలో ఆటగాళ్లు వేర్వేరుగా వ్యవహరించేదేమీ లేకపోయినా, ‘హావ్ వన్’ అనే కదా వాళ్లంటున్నారు! సూత్రం వాడుకను అర్థం చేసుకోవడానికి పనికివస్తుంది గాని, వాడుకనంతా శాసించదు. ఈ రెండో విషయాన్ని కూడా పుస్తకాల్లో చెప్పి ఉంటే, విద్యార్థులు సరైన వాక్యాన్ని విని కూడా అనుమానపడే అవస్థ తప్పేది.

ఈ భేదం అన్ని వాక్యాల్లోనూ బయటపడదని గమనించండి. ‘ఈజ్–ఆర్’, ‘వాజ్–వర్’, ‘హాజ్–హావ్’ జంటల్లోనూ, వర్తమానకాల క్రియ చివర వచ్చే ‘ఎస్’లోనూ మాత్రమే అది కనిపిస్తుంది. 1983 ప్రపంచ కప్ ఫైనల్లో లార్డ్స్ మైదానంలో మన జట్టు 43 పరుగుల తేడాతో గెలిచిన సంగతిని ‘ఇండియా బీట్ వెస్టిండీస్’ అని రాస్తే, భూతకాలంలో ‘బీట్’ రూపం ఏ వచనానికైనా మారదు కనుక రాసినవారు జట్టును ఏ వచనంగా భావించారో మనకు తెలియదు. మీకు సందేహం వచ్చి, సందర్భం అనుమతించినప్పుడు ఇలా భూతకాలంలో రాయడం మంచి ఉపాయం. ఏ వచనాన్ని ఎంచుకున్నా వాక్యం చివరిదాకా దాన్నే నిలబెట్టాలి. ‘ది కమిటీ హాజ్’ అని మొదలుపెట్టి, అదే వాక్యంలో ‘దే ఆర్’ అని ముగించడం రాతలో దోషంగానే కనిపిస్తుంది.

తెలుగువారికి ఇది పూర్తిగా కొత్త సంగతేమీ కాదు. ‘జట్టు గెలిచింది’, ‘కుటుంబం తరలివెళ్లింది’ అని ఏకవచనం వాడే మనమే ‘జనం వచ్చారు’, ‘జనం గుమిగూడారు’ అంటాం. జనం అనే మాట చివర ‘లు’ లేకపోయినా, మనసులో మనుషులే మెదులుతారు కనుక క్రియ బహువచనంలోకి వెళ్తుంది. పై పేర్ల విషయంలో ఇంగ్లిష్ చేస్తున్నది కూడా ఇదే.

‘పోలీస్’ సంగతి మాత్రం వేరు. అందులో ఎంపికకు తావు లేదు; అది నిత్య బహువచనం. ‘ది పోలీస్ ఆర్ ఇన్వెస్టిగేటింగ్’ అనే అనాలి. తెలుగులో ‘ఒక పోలీసు వచ్చాడు’ అనగలం కనుక ఇంగ్లిష్‌లో కూడా ‘ఎ పోలీస్ కేమ్’ అనేస్తుంటాం. ఒక్కరే అయితే ‘ఎ పోలీస్ ఆఫీసర్’ అనో, ‘ఎ కానిస్టేబుల్’ అనో చెప్పాలి. ఇక ‘మా ఆఫీసు స్టాఫ్స్’ అనే మాట మన దగ్గర బాగా వ్యాపించింది. ఒక కార్యాలయంలో పనిచేసే వారందరూ కలిసి ఒకే స్టాఫ్ కనుక, అక్కడ ‘ఎస్’ అక్కరలేదు. విడిగా చెప్పవలసి వస్తే ‘స్టాఫ్ మెంబర్స్’ అనాలి.

ప్రశ్న: ‘నంబర్ ఆఫ్ స్టూడెంట్స్’ తరువాత ‘ఈజ్’ రావాలా, ‘ఆర్’ రావాలా? మా పిల్లలకు రెండు విధాలా ఉదాహరణలు కనిపిస్తున్నాయి.
– ఒక ఉపాధ్యాయుడు, తెనాలి

జవాబు: దీని ముందున్న ‘ఎ’, ‘ది’లను చూస్తే చాలు. ‘ఎ నంబర్ ఆఫ్ స్టూడెంట్స్’ అంటే పలువురు విద్యార్థులు. చెబుతున్నది విద్యార్థుల గురించి కనుక ‘ఆర్ ఆబ్సెంట్’ అనాలి. ‘ది నంబర్ ఆఫ్ స్టూడెంట్స్’ అంటే విద్యార్థుల సంఖ్య; చెబుతున్నది సంఖ్య గురించి కనుక ‘ఈజ్ ఇంక్రీజింగ్’ అనాలి. పిల్లలకు ‘పలువురు విద్యార్థులు రాలేదు’, ‘విద్యార్థుల సంఖ్య పెరుగుతోంది’ అనే తెలుగు వాక్యాలను ముందుగా చెబితే తేడా వెంటనే పట్టుకుంటారు. మధ్యలో ‘లార్జ్’ చేరి ‘ఎ లార్జ్ నంబర్ ఆఫ్’ అయినా బహువచనం మారదు. ‘టోటల్’ చేరి ‘ది టోటల్ నంబర్ ఆఫ్’ అయినా ఏకవచనం మారదు. ‘దేర్’తో మొదలయ్యే వాక్యంలో క్రియ ముందే వచ్చేస్తుంది కనుక పిల్లలు అక్కడ ఎక్కువగా తడబడతారు. కాబట్టి ‘దేర్ ఆర్ ఎ నంబర్ ఆఫ్ రీజన్స్’ వంటి వాక్యాలను వారితో విడిగా సాధన చేయించండి.