పాటకు పని చూపించు

చిరంజీవికి ఆశీస్సులు.

నీ కొత్త పాటకు శ్రోతలు ఎలా దొరుకుతారని అడుగుతూ నువ్వు పంపిన వాటిలో ముందు పాట వినకుండా ప్రమోషన్ ప్లాన్ తెరిచాను. అదే పొరపాటైంది. పద్నాలుగు పేజీలు! మూడో పేజీలో 'టార్గెట్ ఆడియన్స్: 18 నుంచి 30 ఏళ్ల మెట్రో యువత' అని చదివి, ఫోన్ పక్కన పడేసి టీ తాగొచ్చాను. ఆ తర్వాత పాట విన్నాను. మస్కట్ పోయిన కొడుకు కోసం జగిత్యాల బస్టాండులో ఎదురుచూస్తున్న తల్లి పాట అది. ఆ తల్లికీ నీ మెట్రో యువతకూ ఏమిటయ్యా సంబంధం? ప్లాన్ రాసినవాడు పాట విన్నట్టు లేదు. రాసింది నువ్వే కాబట్టి ఇంకా కోపం వచ్చింది.

పాట బాగుంది. ఆ మాట మళ్లీ అనను.

స్టూడియో రికార్డింగుతో పాటు ఫోన్లో పాడుకున్న మొదటి డెమో కూడా పంపావు, 'వెనక గోల ఉంది, క్షమించండి' అని రాశావు. ఆ గోల నాలుగుసార్లు విన్నాను. కుక్కర్ కూత, ఎవరో తలుపు వేసిన చప్పుడు, రెండో చరణంలో మీ నాయనమ్మ గొంతు. నువ్వు 'నిశీథిలో నీ అడుగు' అని పాడుతుంటే ఆవిడ 'నడిజామున నీ అడుగు' అని అందుకున్నారు. తప్పు పాడారని నువ్వు అనుకున్నావు. నిశీథి నిఘంటువులో మాట నాయనా, బస్టాండులో కూర్చున్న తల్లి నోట రాదు. నీ మొదటి శ్రోత పాటను అప్పటికే సొంతం చేసుకుని సరిదిద్దింది. స్టూడియోలో నువ్వు ఆమెను తీసేసి నిశీథిని ఉంచావు.

శ్రోతలు ఎలా దొరుకుతారని అడిగావు. ముప్పై ఏళ్లుగా నేను వాదిస్తున్నది ఒకటే, మా ఇంట్లోవాళ్లకు విని విని విసుగు కూడా పుట్టింది. పాటకు ఒక పని ఉండాలి. మన దగ్గర పాట ఎప్పుడూ ఖాళీగా కూర్చోలేదు. నాట్లేసే పాట, పిల్లను నిద్రపుచ్చే పాట, పెళ్లికూతురిని అప్పగించే పాట. బతుకమ్మ చూడు, తొమ్మిది రోజులు. ఒకామె ఒక పాదం పాడితే చుట్టూ ఉన్నవాళ్లంతా 'ఉయ్యాలో' అంటారు. అక్కడ వినేవాళ్లంటూ వేరే లేరు, అందరూ పాడేవాళ్లే. ఏటా బతుకమ్మ మొదలయ్యే పెత్రమాసకు ముందు యూట్యూబులో కొత్త బతుకమ్మ పాటలు వరదలా వచ్చిపడతాయి. అందులో చెత్త చాలా ఉంది, కాదనను. కానీ వాటికి శ్రోతలను వెతికే బాధ లేదు, ఆ తొమ్మిది రోజులే వెతికి పెడతాయి.

రేడియో లలిత గీతాలకు ఆ పని లేకపోయింది. ఎంత గొప్ప సాహిత్యం, ఎంత చక్కని బాణీలు! రేడియోలో పాట నేర్పుతుంటే మేం నోటుబుక్కుల్లో రాసుకుని నేర్చుకునేవాళ్లం. నేర్చుకుని ఎప్పుడు పాడాలి? స్కూలు వార్షికోత్సవంలో. అంతే. (ఈ మాట ఒక వ్యాసంలో రాస్తే ఒక పత్రిక సంపాదకుడు 'ఇది జానపద మూర్ఖత్వం' అని మార్జిన్లో రాసి తిప్పి పంపాడు. ఆ కాగితం ఇప్పటికీ నా బీరువాలో ఉంది.)

నాకు ఈ సంగతి నేర్పింది ఒక మైక్‌సెట్టు ఆయన. 1993లో మా ఆవిడ గొలుసు తాకట్టు పెట్టి ఐదు వందల క్యాసెట్లు వేయించాను. ఒక డిస్ట్రిబ్యూటరు మూడు వందలు తీసుకున్నాడు, అమ్ముడైతేనే డబ్బులన్నాడు. వానాకాలం దాటాక రెండు వందల తొంభై వెనక్కొచ్చాయి, సగానికి బూజు. ఆ పది కూడా అమ్ముడయ్యాయో, పోయాయో తెలియదు. మిగిలినవి సంచీలో వేసుకుని ఖమ్మం చుట్టుపక్కల ఊళ్లు తిరిగాను. ఒక ఊళ్లో ఆ మైక్‌సెట్టు ఆయన టెంట్ హౌస్ అరుగు మీద కూర్చుని మంచినీళ్లు అడిగితే ఇచ్చారు, బదులుగా నేనొక క్యాసెట్టు ఇచ్చాను. అందులో ఒక పాట ఉంది. సంతలో అమ్మిన పెయ్యదూడ తాడు తెంచుకుని రాత్రికి ఇంటికొచ్చే పాట. ఆ పెళ్లిళ్ల సీజనులో ఆయన దాన్ని అప్పగింతల వేళ వేశాడు. దూడ పాట! కన్నెపిల్ల కారెక్కుతుంటే. జనం ఏడ్చారట. పక్క ఊరి మైక్‌సెట్టు ఆయన వచ్చి కాపీ చేసుకుపోయాడు, ఆయన దగ్గర ఇంకొకరు. రెండేళ్ల తర్వాత నాకు ఏ సంబంధమూ లేని పెళ్లిలో భోజనం చేస్తూ నా పాట విన్నాను. పక్కనున్నాయన 'ఇది మా అమ్మమ్మల నాటి పాట' అన్నాడు. ముద్ద దిగలేదు. పైసా రాలేదు, పేరూ రాలేదు. అయినా అంత గర్వం నాకు ఇంకెప్పుడూ కలగలేదు.

నీ పాట పని గల్ఫులో ఉంది. ఒక్కో గదిలో ఎనిమిదేసి మంది పడుకునే లేబరు క్యాంపుల్లో, వారానికి ఒక్క సెలవు రోజు పూట. జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ ఊళ్లలో వాళ్ల ఇళ్ల దగ్గర. దుబాయిలో వాట్సాప్ కాల్ కలవదు, వాయిస్ మెసేజ్ మాత్రం వెళ్తుంది. తల్లులూ కొడుకులూ మాట్లాడుకునే దారుల్లో అదొకటి. నీ డెమో కూడా నాకు అలాగే వచ్చింది కదా. మీ ఊరి నుంచి పోయినవాళ్ల గ్రూపు ఒకటి ఉండే ఉంటుంది, మీ బాబాయో మేనమామో అందులో ఉంటాడు. ముందు అక్కడ పెట్టు, పాటతో పాటు యూట్యూబ్ లింకు కూడా పెట్టు. టైటిల్లో 'గల్ఫ్ పాట' అని తెలుగులోనూ, ఇంగ్లిష్ అక్షరాల్లోనూ రాయి, మనవాళ్లు వెతికేది ఎక్కువగా ఇంగ్లిష్ అక్షరాల్లోనే. కింద పాట మొత్తం తెలుగులో పెట్టు, పాడుకునేవాళ్లకు కావాలి.

రీల్స్ కోసం పల్లవిని పదిహేను సెకన్లకు కత్తిరించమని ఎవరో సలహా ఇచ్చారన్నావు. వాళ్లెవరో నాకు చెప్పకు.

మూడు వేలకు లక్ష వ్యూస్ ఇస్తామన్నవాడి సంగతి మాత్రం సీరియస్‌గా విను. దొంగ స్ట్రీములు, అంటే ఎవరూ వినకుండానే విన్నట్టు చూపే లెక్కలు, పట్టుబడితే పాటలు వినిపించే యాప్ స్పాటిఫై వాటిని లెక్కలోంచి తీసేస్తుంది, మరీ ఎక్కువైతే పాటను అందులోకి ఎక్కించిన డిస్ట్రిబ్యూటరుకు జరిమానా వేస్తుంది. వాడు ఊరుకోడు, నీ పాటను దించేస్తాడు. అసలు 2024 నుంచి, గడచిన 12 నెలల్లో 1,000 సార్లయినా వినని పాటకు అక్కడ రికార్డింగ్ రాయల్టీ లేదు. వెయ్యి సార్లంటే నీ లాంటి పాటకు పది క్యాంపులు. వాళ్ల ప్లేలిస్టులో పాట పెట్టమని అడిగే దారి, కళాకారుల కోసం వాళ్లే పెట్టిన స్పాటిఫై ఫర్ ఆర్టిస్ట్స్‌లోనే ఉంది, పైసా ఖర్చు లేదు, కాకపోతే విడుదలకు కనీసం 7 రోజుల ముందు పంపాలి. నువ్వు విడుదలైన మర్నాడు పంపానని రాశావు. సరే.

ఇంకొకటి. ఏదైనా కంపెనీ ఫోన్ చేసి పదివేలిస్తాం, అన్ని హక్కులూ రాసివ్వమంటే, ఆ రాత్రి సంతకం పెట్టకు. నేను 500 రూపాయలకు పెట్టాను, ఆ పాటకు ఇప్పటికీ నా పేరు లేదు. 2012 కాపీరైట్ సవరణ తర్వాత పాట రాసినవాడికీ బాణీ కట్టినవాడికీ రాయల్టీలో సమాన వాటా అడిగే హక్కు ఉంది, దాన్ని కంపెనీకి రాసివ్వడం కుదరదు. పాట రాసినవాళ్లకూ బాణీ కట్టినవాళ్లకూ రాయల్టీ వసూలు చేసిపెట్టే సంఘం ఐపీఆర్‌ఎస్‌, అందులో సభ్యత్వం తీసుకో. రెండూ నువ్వే కాబట్టి ఇద్దరి పనీ నమోదు చెయ్యి.

ఏ కెమెరా కొనాలి, స్టేజి పేరు మార్చుకోవాలా, హైదరాబాద్ మకాం మార్చాలా అని అడిగావు. నాకేం తెలుసు?

స్టూడియోకు మళ్లీ డబ్బు పెట్టొద్దు. ఆ ఫోన్ డెమోనే పెట్టు, కుక్కర్ కూతతో సహా. ఆవిడ గొంతు పెట్టేముందు ఆవిడను అడుగు. నాయనమ్మ గారికి నా నమస్కారాలు చెప్పు. మూడో చరణంలో కూడా ఆవిడ ఏదో మార్చి పాడారు, కుక్కర్ మోతలో నాకు సరిగా వినబడలేదు. అడిగి రాసి పంపు.