నాలుగో ఏడాది పేపర్లు ఎంచుకుంటున్న మేనల్లుడికి

చిరంజీవి చిన్నాకి,

అత్త ఆశీస్సులు. రాత్రి నువ్వు వాట్సాప్‌లో పంపిన ఫొటో చూశాను. మీ ఐదేళ్ల లా కోర్సు ఏడో సెమిస్టర్ రిజిస్ట్రేషన్ పేజీ, అందులో మూడు పేపర్లకి టిక్కులు. ‘ఏది ఈజీ అత్తా, దేనికి మార్కులు బాగా పడతాయి?’ అని అడిగావు. ఫోన్లో రెండు ముక్కల్లో తేల్చే సంగతి కాదని ఉత్తరం రాస్తున్నాను. గడువు సోమవారం దాకా ఉందన్నావు కదా, నింపాదిగా చదువుకో.

ముందు ఆ పేజీ మూసేసి ఒక తెల్లకాగితం తీసుకో. మిగిలిన నాలుగు సెమిస్టర్లకీ నాలుగు గడులు గియ్యి. ఇంకా తేలని బ్యాక్‌లాగ్, అంటే తప్పి మళ్లీ రాయాల్సిన పేపరు, ఉంటే దాన్ని మొదటి గడిలోనే, అన్నిటికన్నా పైన రాయి. నీకు ఒకటుందని మీ నాన్న చెప్పాడు, ఆస్తి బదిలీ చట్టం పేపరు. విన్నప్పటి నుంచీ నా మనసు మనసులో లేదు, ఎందుకంటే నేనూ ఆ పేపరే తప్పాను. ‘ఆఖరి ఏడాదిలో రాసేద్దాంలే’ అనుకున్నాను. తీరా ఆ ఏడాది దాని పరీక్ష రోజే ఇంకో పేపరు కూడా పడింది. ఒకటే రాయగలిగాను. మిగతావన్నీ పాసై కూర్చున్నా, ఆ ఒక్కదాని కోసం ప్రొవిజనల్ సర్టిఫికెట్ రాలేదు, అది లేక బార్ కౌన్సిల్లో ఎన్‌రోల్మెంట్, అంటే లాయరుగా పేరు నమోదు, కాలేదు. నాతో చదివినవాళ్లు నల్లకోటు వేసుకుని వాయిదాలకి వెళుతుంటే నేను దాదాపు ఏడాది ఇంట్లో ఉన్నాను. మీ నాయనమ్మ ఆ ఏడాదంతా ఎవరడిగినా ‘ఇంకా చదువుతోంది’ అని చెప్పేది. ఆ మాట ఇప్పటికీ నా చెవిలో ఉంది.

అందుకే చెబుతున్నాను, కొత్త పేపర్లకి టిక్ పెట్టేలోగా పాత పేపరు పరీక్ష ఎప్పుడు పెడతారో ఎగ్జామ్ బ్రాంచిలో కనుక్కో. తోటివాళ్లనో వాట్సాప్ గ్రూపునో కాదు, కౌంటర్ దగ్గరికి వెళ్లి అడుగు.

రెండోది ఇంటర్న్‌షిప్. ఐదేళ్ల కోర్సుకి మొత్తం 20 వారాలు చెయ్యాలని బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2008 నిబంధనలు చెబుతున్నాయి. ఒక్క విడతలో నాలుగు వారాలకి మించి చెయ్యకూడదని కూడా అక్కడే ఉంది. అంటే సెలవు సెలవుకీ కొంచెం కొంచెంగా తీర్చాల్సిన బాకీ ఇది, చివర్లో ఒకేసారి కట్టేద్దామంటే కుదరదు. ట్రయల్ కోర్టు లాయరు దగ్గర, అప్పీలు కోర్టు లాయరు దగ్గర ఒక్కసారైనా చేసి ఉండాలి. నువ్వు ఇప్పటిదాకా చేసిన పది వారాలూ కంపెనీ ఆఫీసుల్లోనే. వచ్చే వేసవి ట్రయల్ కోర్టుకి రాసిపెట్టు.

క్లినికల్ పేపర్లలో, అంటే ప్రాక్టికల్ పేపర్లలో, మూట్ కోర్టు (విద్యార్థుల నమూనా కోర్టు) కింద రెండు కేసుల విచారణ చూసి రికార్డు రాయాలి, ఒకటి సివిల్, ఒకటి క్రిమినల్. చాలామంది పరీక్షకి పది రోజుల ముందు ఎవరి రికార్డో తెచ్చుకుని చూసి రాసేస్తారు. నువ్వు ఆ పని చెయ్యకు నాన్నా. పురానీ హవేలీ సిటీ సివిల్ కోర్టులో ఒక చిన్న దావా ఎంచుకుని మొదటి సాక్షి నుంచి కూర్చో. ఎగ్జిబిట్ ఏ-1 అని సాక్ష్యంగా పెట్టిన మొదటి కాగితం మార్క్ చేసేటప్పుడు అవతలి లాయరు ఎందుకు లేచి నిలబడ్డాడు, జడ్జిగారు ‘సబ్జెక్ట్ టు ఆబ్జెక్షన్’ (అభ్యంతరానికి లోబడి) అని ఎందుకు రాయించారు, ఇవి చూసినవాడికి సాక్ష్యాల చట్టం వేరే చదవక్కర్లేదు అనిపిస్తుంది. (చదవాలి, అది వేరే సంగతి.) కానీ వాయిదా వాయిదాకీ మధ్య నెల గడుస్తుంది. అందుకే ఇప్పుడు మొదలుపెడితేనే ఆఖరి ఏడాదికి పూర్తవుతుంది.

దీంతో నీ శుక్రవారం సంగతి కలుస్తుంది. శుక్రవారం క్లాసు లేకుండా ఎలక్టివ్‌లు సర్దుకున్నానన్నావు. మంచిదే, ఆ రోజు కోర్టులో గడిపేటట్టయితే. హాజరు మాత్రం మరిచిపోకు. ఒక్కో సబ్జెక్టుకీ విడివిడిగా 70 శాతం ఉండాలి. క్లాసులన్నీ నాలుగు రోజుల్లో కుక్కితే ఒక్క రోజు జ్వరమొచ్చినా అన్ని పేపర్లకీ ఒకేసారి కోత పడుతుంది. నాలుగు రోజుల టైమ్‌టేబుల్‌తో నాకున్న భయం అదొక్కటే.

ఇక ఆప్షనల్ పేపర్లు. నిబంధన ప్రకారం ఆరుకి తగ్గకూడదు. నువ్వు టిక్ పెట్టిన మూడింటిలో మీడియా లా, సైబర్ లా ఉండనీ, నీకు ఇష్టమైనవి. మూడోది తీసేసి ల్యాండ్ లాస్, అంటే భూమి చట్టాల పేపరు, పెట్టు. బోర్ అంటావని తెలుసు. ఈ హైదరాబాదులో లాయరుగా బతకాలనుకునేవాడికి అంతకన్నా పనికొచ్చే పేపరు లేదని నా గట్టి నమ్మకం. తెలంగాణ భూరికార్డుల పోర్టల్ ధరణి 2020లో వచ్చింది, 2025లో దాని స్థానంలో భూభారతి వచ్చింది. పోర్టల్ ఏదైనా, తగువు ముదిరితే 1954-55 నాటి భూరికార్డు ఖాస్రా పహాణీ దాకా, ఇంకా వెనక్కి, పాత సర్వే రికార్డు సేత్వార్ దాకా వెళ్లాల్సిందే.

కొన్నేళ్ల కిందట శంషాబాద్ వైపు నుంచి ఒక ముసలాయన నా దగ్గరికి వచ్చాడు. గుడ్డసంచిలో మడతలు చిరిగిన సేత్వార్ నకలు, అంతా ఉర్దూ. నాకు అక్షరం రాదు. పాతబస్తీలో ఒక మున్షీ చేత తర్జుమా చేయించి, దాని మీదే దావా తయారుచేశాను. తీరా ఫైల్ చేసే ముందు రోజు మా గుమస్తా చూసి, ‘మేడమ్, ఈ సర్వే నంబరు 33 కాదు, 32’ అన్నాడు. ఉర్దూ అంకెల్లో రెండుకీ మూడుకీ పైన పన్నులాంటి ఒక్క గీత తేడా. ఆ పన్ను మడతలో చెరిగిందో, సిరా చిమ్మితే కొత్తగా పుట్టిందో భూతద్దం పెట్టి చూస్తే గానీ తేలలేదు. సర్వే నంబరు తప్పుంటే ఆ పెద్దాయన పక్కవాడి పొలం మీద దావా వేసినట్టయ్యేది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

అందుకని ఉర్దూ చదవడం నేర్చుకో. లా చదువుతూ ఇంకో రెగ్యులర్ కోర్సులో చేరకూడదు గానీ, భాషకి, కంప్యూటర్‌కి సంబంధించిన స్వల్పకాలిక పార్ట్‌టైమ్ సర్టిఫికెట్ కోర్సులకి బార్ కౌన్సిల్ నిబంధనల్లోనే మినహాయింపు ఉంది. నీ ఫ్రెండ్ లాతో పాటు రెగ్యులర్ ఎంబీఏలో కూడా చేరదామంటున్నాడన్నావు. యూజీసీ 2022లో ఒకేసారి రెండు డిగ్రీలకి వీలు కల్పించిన మాట నిజమే, కానీ మన కోర్సుకి బార్ కౌన్సిల్ మాటే చెల్లుతుంది. వాడికీ చెప్పు, తర్వాత ఎన్‌రోల్మెంట్ దగ్గర ఇబ్బంది పడతాడు.

సీనియర్ల నోట్సు తీసుకుంటే ఏ సంవత్సరానిదో చూసుకో. 2024 జూలై 1 నుంచి ఐపీసీ స్థానంలో భారతీయ న్యాయ సంహిత వచ్చింది, హత్యకి సెక్షన్ 302 పోయి 103 అయింది. అంతకుముందు జరిగిన నేరాల కేసులు పాత సెక్షన్ల కిందే నడుస్తున్నాయి కాబట్టి రెండూ తెలియాలి.

మీ నాన్న జడ్జి పరీక్ష కోచింగ్‌కి ఇప్పుడే డబ్బు కడతానంటున్నాడు. వద్దని నేను మాట్లాడతాను. జూనియర్ సివిల్ జడ్జి పోస్టుకి మూడేళ్ల ప్రాక్టీసు ఉండాలని 2025 మే 20న సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. ఆ లెక్క బార్ కౌన్సిల్లో ప్రొవిజనల్ (తాత్కాలిక) ఎన్‌రోల్మెంట్ తేదీ నుంచి మొదలవుతుంది. అంటే నీ బ్యాక్‌లాగ్ ఎన్ని నెలలు లాగితే జడ్జి పరీక్షా అన్ని నెలలు వెనక్కి పోతుంది. ఆ కోచింగ్ డబ్బుతో ముందు కోఠీ వెళ్లి తాజా బేర్ యాక్టులు (వ్యాఖ్యానం లేకుండా చట్టం మాత్రమే ఉండే పుస్తకాలు) కొనుక్కో.

నువ్వు గీసిన గడుల కాగితం ఆదివారం ఇంటికి తీసుకురా, కూర్చుని చూద్దాం. సోమవారం పొద్దున్నే సబ్మిట్ చేసెయ్, సాయంత్రం దాకా ఆగితే సైట్ మొరాయిస్తుంది. సబ్మిట్ చేశాక వచ్చే పేజీ ప్రింట్ తీసి దాచుకో.

వచ్చే శుక్రవారం నా దావా ఒకటి సాక్ష్యానికి ఉంది, పీడబ్ల్యూ-1 క్రాస్, అంటే వాది తరఫు మొదటి సాక్షిని అవతలి లాయరు ప్రశ్నించడం. పదిన్నరకల్లా వచ్చెయ్. తెల్ల చొక్కా వేసుకో, ఫోన్ సైలెంట్‌లో పెట్టు, నా వెనక బెంచీలో కూర్చో. మధ్యాహ్నం అన్నం నేను తెస్తాను.

మీ అత్త