వెన్నెల తీసేసి పద్దు రాయి

చిరంజీవికి ఆశీస్సులు.

వాన్‌స్టెడ్ హౌస్ మీద నువ్వు పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను. భాష బాగుంది. కానీ మొదటి పేజీలోనే ఆ సౌధపు శిథిలాల మీద వెన్నెల కాయించావు. లండన్ శివార్లలో ఆ ఇల్లున్న చోట ఇప్పుడు గోల్ఫ్ ఆడుతున్నారు. నువ్వు చూసిన ఫొటో, పక్కనున్న పార్కులో 1884లో తగలబడ్డ, గుహలా కట్టిన రాతి విహారమందిరానిది కావచ్చు. ఆ ఇల్లు శిథిలం కాలేదు నాయనా, అమ్ముడుపోయింది.

పోయిన ఇంటి చరిత్ర పద్దుల పుస్తకంలోనే ఉంటుందని ఎన్నో ఏళ్లుగా విసుగు లేకుండా చెబుతున్నాను. 1673లో ఆ ఎస్టేటును కొన్న జోషయా చైల్డ్ తరువాత ఈస్టిండియా కంపెనీకి గవర్నరయ్యాడు. మన మచిలీపట్నం రేవు నుంచి ఓడలకెక్కిన బట్టల లాభంలో ఆ కంపెనీకీ వాటా ఉంది. అతని హయాంలో ఔరంగజేబుతో పెట్టుకున్న యుద్ధం వల్లనే 1689లో విశాఖపట్నం వర్తకస్థావరంలో ఇంగ్లీషువాళ్లు ప్రాణాలు పోగొట్టుకున్నారు. తెలుగులో రాస్తూ ఈ సంగతికి ఒక్క వాక్యమైనా ఇవ్వకపోవడం నాకు కోపం తెప్పించింది. చైల్డ్ కొడుకు రిచర్డ్, వాస్తుశిల్పి కోలెన్ క్యాంబెల్ చేత ఆరు స్తంభాల ముఖమండపంతో కట్టించిన ఆ భవనానికి చివరి వారసురాలు క్యాథరిన్. ఆమె 1812లో వెలింగ్టన్ డ్యూకు అన్నకొడుకును పెళ్లాడింది. అతగాడు పదేళ్లలో అప్పులపాలు చేస్తే, 1822లో ఇంట్లోని సామాన్లను 32 రోజులపాటు వేలం వేశారు. ఆపైన భవనాన్నే, పడగొట్టి తీసుకుపోవాలన్న షరతు మీద, 10,000 పౌండ్లకు అమ్మారు. 1825లో ఆమె కన్నుమూసింది. నువ్వు ఆమెను దెయ్యం చేసి మేడ మీద తిప్పావు. ఆ 32 రోజులు మాత్రం నీ వ్యాసంలో లేవు.

నీ వయసులో నేను మా ప్రాంతపు జమీందారీ దివాణం మీద రాశాను. టేకు తలుపులు ఏ ఊరికి, ఎంతకు పోయాయో ఊరూరా తిరిగి రాసుకున్నాను. పాఠకులకు లెక్కలు ఎక్కవంటూ ఒక సంపాదకుడు ఆ పేరాలన్నీ కొట్టేసి, తనే ఒక గబ్బిలాన్నీ ఒక నిట్టూర్పునూ చేర్చి అచ్చేశాడు. వచ్చిన ఉత్తరాలన్నీ ఆ గబ్బిలాన్ని మెచ్చుకున్నవే. ఈనాటికీ పాత కట్టడాల మీద వచ్చే వ్యాసాల్లో ఆ గబ్బిలమే ఎగురుతోంది.

ఏ పత్రికకు పంపాలని అడిగావు, ఇంకేవో కూడా అడిగావు; అవి తరువాత చూద్దాం. ముందు వేలం మొదటి రోజు నుంచి మొదలుపెట్టి మళ్లీ రాసి పంపు.