ఆరేళ్ల పాపతో ఏ గేమ్స్ ఆడాలి అన్నారు, మా ఇంట్లో ఆటలమ్మ పోసినప్పటి సంగతి చెప్తా

"మా పాపకి ఆరేళ్లు, ఫోన్ కాకుండా తనూ నేనూ కలిసి ఆడుకునే గేమ్స్ ఏవి కొంటే బావుంటుంది" అని అడిగారు కదా. నా సలహా ఏంటంటే ఇప్పుడే ఏమీ కొనకండి. నేను కొని కొని విసిగిపోయా. మా మంచం కింద ఒక పెట్టె నిండా ఉన్నాయి, ఒక్కోటి వెయ్యి, పన్నెండొందలు పోసి కొన్నవి, డబ్బా మీద ఏకాగ్రత అనీ, తెలివి అనీ, లెక్కలు అనీ ఏవేవో రాసుంటాయి, మావాడు వాటిల్లో ఒక్కదాన్ని రెండోసారి బయటికి తీస్తే ఒట్టు. పిల్లలకి తెలిసిపోతుందండీ. అరటిపండులో మాత్ర పెట్టిస్తే పండు మింగి మాత్ర ఊసేస్తారు చూడండి, ఆటలో ఎక్కాలు దాచినా అంతే.

ఇక అసలు సంగతి. రెండేళ్ల కిందట మావాడికి ఆటలమ్మ పోసింది. అప్పటికి వాడికి ఆరు నిండి ఏడు నడుస్తోంది. పొక్కులన్నీ ఎండి చెక్కు కట్టేదాకా స్కూలుకి పంపొద్దన్నారు, అపార్ట్‌మెంట్‌లో వాళ్లు పిల్లల్ని మా గుమ్మం ఛాయలకి కూడా రానివ్వలేదు (తప్పు పట్టట్లేదు, నేనైనా అదే చేసేదాన్ని). నాకు చిన్నప్పుడే పోసేసింది కాబట్టి వర్క్ ఫ్రమ్ హోమ్ అడిగి వాడి దగ్గర ఉండిపోయా. మావారికి ఎప్పుడూ పోయలేదట, పెద్దయ్యాక వస్తే ఇంకా గట్టిగా ఉంటుందని మా అత్తగారు ఫోన్లో ఒకటే గోల, దాంతో ఆయన హాల్లోకి మకాం మార్చేసి, మాస్క్ పెట్టుకుని గుమ్మం దగ్గర నిలబడి సలహాలు ఇచ్చే ఉద్యోగం తీసుకున్నారు. పది రోజులు అదే ఉద్యోగం.

జ్వరం రెండు మూడు రోజుల్లో తగ్గింది గానీ దురద తగ్గదే. గోళ్లు మొదలంటా కత్తిరించా, డాక్టర్ రాసిన లోషన్ పూశా, వేపరెమ్మతో నిమిరా, ఏం చేసినా చెయ్యి పొట్ట మీదకి పోతూనే ఉంది. టీవీ పెడితే ఇంకా ఘోరం, కళ్లు టీవీలో వేళ్లు పొక్కుల్లో. అప్పుడు నాకు వెలిగింది, మాకు కావాల్సింది చేతులకి పని చెప్పే ఆట. ఎప్పుడో అన్నవరం వెళ్లినప్పుడు కొండ కింద షాపులో ముచ్చటపడి కొన్న గవ్వలు పూజ గదిలో ఒక గిన్నెలో ఉన్నాయి, అందులోంచి నాలుగు తీశా. టైల్స్ మీద సుద్దముక్కతో గీస్తే రెండు నిమిషాలకే చెరిగిపోయింది, అందుకని ఏదో పార్సిల్ వచ్చిన అట్టపెట్టె చింపి స్కెచ్ పెన్నుతో అయిదు అడ్డం అయిదు నిలువు 25 గళ్లు గీసి అష్టాచెమ్మా మొదలెట్టాం (గవ్వలు ఎన్ని వెల్లకిలా పడితే అన్ని గళ్లు కాయ జరపాలి, నాలుగూ వెల్లకిలా పడితే చెమ్మ అంటే నాలుగు, నాలుగూ బోర్లా పడితే అష్ట అంటే ఎనిమిది). నాకు నాలుగు చొక్కా గుండీలు, వాడికి నాలుగు పల్లీలు. పల్లీలు ఇవ్వడం నా తప్పే, నేను చంపిన కాయని మళ్లీ మొదటి గడిలో పెట్టాలా, వాడేమో చచ్చింది కదా అని తినేసేవాడు.

మొదటి రెండాటలూ వాడే గెలిచాడు. అంటే నేనే గెలిపించా. ఒంట్లో బాలేని పిల్లాడు కదా, వాడి కాయ నా ముందే దొరికినా చంపకుండా పక్క గుండీ జరుపుతూ వచ్చా. అయితే మా ఇంటి పద్ధతిలో ఎదుటివాళ్ల కాయ ఒక్కటైనా చంపితే గానీ లోపలి గళ్లలోకి పోనివ్వరు. కాబట్టి నా గుండీలు బయట ఉన్న 16 గళ్లలోనే గానుగెద్దుల్లాగా చుట్టూ చుట్టూ తిరుగుతున్నాయి, వాడివేమో ఒక్కొక్కటీ లోపలికెళ్లి పండిపోతున్నాయి. మూడో ఆటలో వాడు గవ్వలు పట్టుకుని ఆగిపోయాడు.

"అమ్మా, నీకు మూడు పడింది. నా పల్లీ మూడో గడిలోనే ఉంది. ఎందుకు చంపలేదు?"

"చూసుకోలేదు నాన్నా."

"చూశావ్. నీ చెయ్యి ఆ గుండీ మీదకి వచ్చి, మళ్లీ వేరేది జరిపింది."

నేను నవ్వేసి ఏదో సర్దబోయా. వాడు నవ్వలేదు. అట్ట మడిచేసి గోడ వైపు తిరిగి పడుకున్నాడు. "నువ్వు ఆడట్లేదు, నేనొక్కడినే ఆడుతున్నా" అన్నాడు. దురదకి కూడా అంత ఏడుపు మొహం పెట్టలేదు వాడు. ఆ రాత్రి నాకు సరిగ్గా నిద్ర పట్టలేదు, పెద్ద విషయమా అంటే కాదు, కానీ పట్టలేదు.

మర్నాడు నిజంగా ఆడా. వాడి పల్లీ ఇంకొక్క గడి జరిగితే లోపలికి పోతుందనగా నాకు చెమ్మ పడింది, నాలుగు లెక్కపెట్టుకుని వెళ్లి చంపేశా. వాడి కళ్ళనీళ్లు బుగ్గల మీది లోషన్‌లో చారలు కట్టాయి. గుమ్మం దగ్గర నుంచి ఈయన "పిల్లాడికి బాలేదు, ఏడిపిస్తావేంటే" అని మొదలెట్టారు. వాడు ముక్కు ఎగబీల్చి "నాన్నా నువ్వు మాట్లాడకు, మేం ఆడుతున్నాం" అన్నాడు. గవ్వల్ని గుప్పిట్లో పట్టుకుని ఊది వేశాడు, నాలుగూ బోర్లా పడ్డాయి, అష్ట! మళ్లీ వేశాడు, రెండు, నా గుండీ చచ్చింది. ఆ కేకకి కింద ఫ్లోర్ వాళ్లు ఫోన్ చేసి పిల్లాడికి ఎలా ఉందండీ అని అడిగారు.

ఇంకో సంగతి. అయిదో రోజో ఆరో రోజో వాడు తన కాయ జరపబోయి ఆగి, "రెండు గళ్ల ముందు ఉండకూడదమ్మా, నీకు రెండే ఎక్కువ పడుతుంది" అన్నాడు. నేను అప్పటిదాకా ఎప్పుడూ ఆలోచించలేదు. కాగితం తీసుకుని కూచుంటే, నాలుగు గవ్వలు బోర్లా వెల్లకిలా కలిపి 16 రకాలుగా పడొచ్చు, అందులో రెండు పడేవి 6, ఒకటి పడేవి 4, మూడు పడేవి 4, అష్టా చెమ్మా ఒక్కొక్కటే. గవ్వ ఏమీ నాణెం కాదు, రెండు వైపులా సమానంగా పడదు, ఆ తేడా మరీ ఎక్కువ కాకపోతే మావాడి మాటే రైటు. పన్నెండొందల డబ్బా నేర్పలేనిది పూజ గది గవ్వలు నేర్పాయని నేను మా ఆడపడుచుతో అంటే, ఆవిడ మర్నాడే వాడికి ఇంకో డబ్బా పంపింది. ఈ చుట్టాలకి ఏం చెప్పినా అంతే!

కాబట్టి మీరు ఏ ఆట ఎంచుకున్నా ఒకటి చూసుకోండి, అందులో మీరు నిజంగా ఆడగలగాలి. నటించాల్సి వస్తే ఆ ఆట మీ ఇద్దరికీ పనికిరాదు. పందెం పడేదాన్ని బట్టి సగం, బుర్రని బట్టి సగం నడిచే ఆటలైతే ఆరేళ్ల పిల్ల కూడా మిమ్మల్ని న్యాయంగా ఓడిస్తుంది. వైకుంఠపాళిలో బుర్రతో పనే లేదు, నిద్రపోతూ ఆడొచ్చు, మీకు మూడో రోజుకి విసుగొస్తుంది, ఆ విసుగు పిల్లలు ఇట్టే కనిపెడతారు. చెస్‌లో అదృష్టం అన్నదే లేదు, మావారు నేర్పిస్తానని కూచోబెట్టి పది ఎత్తుల్లో ఆట కట్టేసి "చూశావా" అంటారు, ఎవడు కూచుంటాడు మళ్లీ? మీ మంత్రిని తీసి పక్కన పెట్టి, ఆ సంగతి పిల్లకి చెప్పి మరీ ఆడండి, అది మోసం కాదు. క్యారమ్స్ అయితే ఎడమ చేత్తో కొట్టండి. జత కార్డులు గుర్తుపెట్టుకునే ఆట ఉంటుంది చూడండి, అన్నీ బోర్లా పరిచి రెండేసి తిప్పేది, అందులో నేను ఇంతవరకు ఒక్కసారి కూడా గెలవలేదు, ఒక్కసారి కూడా కావాలని ఓడలేదు. బిజినెస్ గేమ్ మాత్రం ఇప్పుడొద్దు, సంక్రాంతికి మొదలెడితే ఉగాదికి తేలుతుంది, ఆఖర్న అద్దె దగ్గర గొడవ.

పులి మేక కూడా బావుంటుంది, మూడు పులులు పదిహేను మేకలు, ఇద్దరి బలం వేరు కాబట్టి పెద్దా చిన్నా లెక్క రాదు. మొదట పాపకి పులులు ఇవ్వండి, దూకి చంపడం ఎవరికైనా వచ్చేస్తుంది. మేకల వైపు ఉండి ఒక్కోటీ పెట్టుకుంటూ పులిని కదలకుండా బిగించాలంటే ఓపిక కావాలి, మావాడికి ఎనిమిదేళ్లు వచ్చాక కుదిరింది.

ఫోన్లో లూడో కూడా ఇంతే కదా అని కింద ఎవరో రాశారు. కాదు బాబూ. అందులో పాచిక ఫోనే వేస్తుంది, కాయ ఫోనే జరుపుతుంది, లెక్క ఫోనే పెడుతుంది, ఇంక మీరు చేసేదేంటి, వేలితో ముట్టుకోవడమా? పాచిక మంచం కిందకి దొర్లిపోయి ఇద్దరూ బోర్లా పడుకుని వెతకడం కూడా ఆటలో భాగమే.

ఓడితే ఏడుస్తుందేమో అని భయం ఉంటే, ఏడుస్తుంది. నాకు తెలిసి ఓడిపోవడం చేతకాని పిల్లలందరూ అమ్మానాన్నలు కావాలని గెలిపించిన పిల్లలే. ఇది నేను మా అపార్ట్‌మెంట్ ఒక్కటి చూసే చెప్తున్నా, అయినా గ్యారంటీగా చెప్తున్నా.

ఆ అట్టముక్క ఇప్పటికీ ఉంది, మధ్యలో లోషన్ మరకతో సహా. వాడికిప్పుడు తొమ్మిది దగ్గరపడింది, ఆదివారం భోజనాలయ్యాక తనే తెస్తాడు, ఈయన్ని కూడా చేర్చుకున్నాం, అందరికన్నా ఎక్కువ తొండి ఆయనదే. ఒక్క గొడవ మాత్రం ఇంకా తెగలేదు. వరసగా మూడు అష్టలు పడితే ఆ మూడూ పోయినట్టే అని భీమవరంలో మా అమ్మ పద్ధతి, పోవు, మూడూ లెక్కేసుకుని ఇంకోటి కూడా వెయ్యాలి అని ఖమ్మంలో మా అత్తగారి పద్ధతి. మావాడు తనకి పడితే ఖమ్మం, నాకు పడితే భీమవరం అంటున్నాడు. మీ వైపు ఎలా ఆడతారో కాస్త చెప్పండి.