నలభై వ్యాలెట్లు తెరిస్తే నలభై రెట్లు ఎయిర్‌డ్రాప్ వస్తుందా?

వస్తుందన్న భరోసా లేదు; దొరికిపోతే నలభైకి నలభై వ్యాలెట్లూ అనర్హుల జాబితాలో పడతాయి. ఎయిర్‌డ్రాప్ అంటే కొత్త క్రిప్టో ప్రాజెక్టు తన తొలి వాడుకరులకు ఉచితంగా పంచే టోకెన్లు, అంటే డిజిటల్ నాణేలు. వాటిని దాచుకునే డిజిటల్ ఖాతాయే వ్యాలెట్. 2020 సెప్టెంబరులో టోకెన్లు మార్చుకునే వేదిక యూనిస్వాప్, అంతకుముందు తనను వాడిన ఒక్కో వ్యాలెట్‌కు 400 టోకెన్లు ఇచ్చింది. లెక్క మనిషికి కాదు, వ్యాలెట్‌కు. వ్యాలెట్ తెరవడానికేమో పైసా ఖర్చు లేదు. అందుకే ఒక్కరే వందమందిలా నటించడం వ్యాపారమైపోయింది. దీన్ని సిబిల్ దాడి అంటారు (బ్యాంకువాళ్లు అడిగే సిబిల్ స్కోరు వేరు). కొన్న లైకులు, అద్దె అనుచరులు కూడా ఈ బాపతే.

పర్లాకిమిడిలో ఒకరు ఒకే ఫోనులో 40 వ్యాలెట్లు తెరిచారనుకుందాం. ప్రతి లావాదేవీకి రుసుము కట్టాలి. ఆ సొమ్ము ఒకే ఖాతా నుంచి నలభైకీ వెళ్తుంది. ఆపైన అవే మార్పిడులు, అదే వరుస, మూడేసి నిమిషాల ఎడం. రేషన్ దుకాణం ముందు ఒకే మనిషి తువ్వాలు మార్చుకుని నలభైసార్లు నిలబడినట్టుంటుంది. 2024లో లేయర్‌జీరో అనే క్రిప్టో ప్రాజెక్టు ఇలాంటివారికి ఒక బేరం పెట్టింది: తమంతట ఒప్పుకుంటే రావలసినదానిలో 15 శాతం, దాచి దొరికితే సున్నా.

వ్యాలెట్‌కు పేరుండదు కాబట్టి ఎవరూ పట్టుకోలేరన్నది చాలామంది పొరపాటు. పేరు కనిపించదు గానీ, లావాదేవీలన్నీ నమోదయ్యే బ్లాక్‌చెయిన్ అనే ఖాతాపుస్తకాన్ని ఎవరైనా తెరిచి చూడవచ్చు. అందరూ దొరకరన్నదీ నిజమే. అప్పుడప్పుడు నిజమైన వాడుకరులే జల్లెడలో పడి నష్టపోతారు.