సమాధానం: పల్మనరీ ప్రెషర్ 48, పొట్టలో నీరు. అసలు జబ్బు ఎక్కడ?

నాన్నగారికి గతంలో టీబీ వచ్చి తగ్గిందని, ఇప్పుడు పొట్టలో నీరు, కాళ్ల వాపు, ఎకోలో (గుండె స్కాన్‌లో) ఈఎఫ్, అంటే గుండె రక్తాన్ని తోసే సత్తా, 60 శాతం, పల్మనరీ ప్రెషర్, అంటే ఊపిరితిత్తుల రక్తనాళాల్లో ఒత్తిడి, 48 అని రాశారు. ఆ ఒత్తిడి తగ్గించే మందు సిల్డెనాఫిల్ మొదలుపెట్టాలా అని అడిగారు. అప్పుడే వద్దు. ముందు గుండె చుట్టూ ఉన్న పొర, అంటే పెరికార్డియం, బిగుసుకుందేమో తేలాలి. మన దేశంలో దానికి పెద్ద కారణం టీబీయే.

పొర గట్టిపడితే గదులు సరిగా నిండవు. ఎడమవైపు ఒత్తిడి వెనక్కి ఊపిరితిత్తుల్లోకి ఎక్కుతుంది. కాబట్టి పల్మనరీ ప్రెషర్ 40, 50 రావడం వింతేం కాదు, దానికి సిల్డెనాఫిల్ మందూ కాదు. 60 దాటితే మాత్రం రెస్ట్రిక్టివ్ కార్డియోమయోపతీనో (గుండె కండరమే గట్టిపడే జబ్బు), ఊపిరితిత్తుల జబ్బో అనుమానించాలి.

ఎకో మళ్లీ చేయించండి, ఈసారి శ్వాసను కూడా రికార్డు చేస్తూ. చూడాల్సినవి: ఊపిరితో పాటు సెప్టం (గుండె గదుల మధ్య గోడ) అటూ ఇటూ ఊగడం, మైట్రల్ ఫ్లో (ఎడమవైపు కవాటం గుండా రక్తం వేగం) 25 శాతానికి మించి మారడం, సెప్టం వైపు ఈ ప్రైమ్ (గుండె నిండేటప్పుడు కండరం కదిలే వేగం) సెకనుకు 9 సెం.మీ. లేదా అంతకన్నా ఎక్కువ ఉండటం, ఊపిరి వదిలేటప్పుడు హెపాటిక్ వెయిన్‌లో (కాలేయం నుంచి వచ్చే సిరలో) రక్తం వెనక్కి తన్నడం. ఈ చివరిది చాలా రిపోర్టుల్లో రాయనే రాయరు, అడిగి రాయించుకోండి. సీటీలో పొర మందం 4 మి.మీ. లోపే ఉందని జబ్బు లేదనుకోకూడదు.

అప్పటికీ తేలకపోతే క్యాథ్, అంటే రక్తనాళం గుండా సన్నటి గొట్టం పంపి గుండెలో ఒత్తిడి కొలిచే పరీక్ష. రెండు జఠరికల (గుండె కింది గదుల) ఒత్తిడీ ఒకేసారి కొలవాలి: ఊపిరి తీసినప్పుడు కుడిది పెరిగి ఎడమది తగ్గితే పొర బిగుసుకున్నట్టే. లాసిక్స్ (మూత్రం ఎక్కువ పోయేలా చేసే మందు) బాగా పడి ఒంట్లో నీరు తగ్గిపోతే ఈ తేడా దాక్కుంటుంది, అప్పుడు సెలైన్ ఎక్కించి చూస్తారు. అలాగని లాసిక్స్ మీరే ఆపకండి. సీఆర్‌పీ (ఒంట్లో ఇన్‌ఫ్లమేషన్‌ను చూపే రక్తపరీక్ష) కూడా చేయించండి. ఎక్కువుంటే, పొరను తీసేసే ఆపరేషన్‌కు ముందు రెండు మూడు నెలలు ఇన్‌ఫ్లమేషన్ తగ్గించే మందులతో చూసే వీలుంది.