గుల్‌మార్గ్‌లో స్కీయింగ్: ఇద్దరికి ఖర్చు తగ్గించుకోవడం ఎలా

కశ్మీర్‌లోని గుల్‌మార్గ్‌లో ఇద్దరం స్కీయింగ్ నేర్చుకోవాలని ఉంది, కానీ బడ్జెట్ దాటిపోతోంది, ఏం చేయాలి అని అడిగారు కదా. ఖర్చు పెరిగేది విమానం టికెట్ల వల్ల కాదండీ. హైదరాబాద్ నుంచి మీరిద్దరూ అడిగిన ప్యాకేజీలో హోటల్, స్కీల (మంచు మీద జారడానికి కాళ్లకు బిగించుకునే పొడవాటి పలకల) అద్దె, నేర్పే మనిషి అన్నీ రోజు లెక్కన విడివిడిగా పడుతున్నాయి. అక్కడే బడ్జెట్ దాటిపోతోంది.

1. గుల్‌మార్గ్‌లో కేంద్ర పర్యాటక శాఖ నడిపే స్కీయింగ్ శిక్షణ సంస్థ ఉంది. దాని కోర్సు ఫీజులోనే బస, భోజనం, స్కీలు, శిక్షణ కలిసి వస్తాయి. కొత్తగా నేర్చుకునేవాళ్లకు ఇంతకంటే చవకైన దారి నాకు కనిపించలేదు.

2. చాలామంది తప్పు చేసేది ఇక్కడే: ముందు విమానం టికెట్లు కొనేస్తారు, తర్వాత బ్యాచ్ కోసం చూస్తారు. అప్పటికి సీట్లు అయిపోతాయి, మళ్లీ హోటలే గతి. బ్యాచ్ తేదీలు, వయసు నిబంధన, డాక్టర్ సర్టిఫికెట్ కావాలా అన్నది ముందే కనుక్కోండి. సీటు ఖాయమైనట్టు రాతపూర్వకంగా వచ్చాకే శ్రీనగర్‌కు టికెట్ తీయండి. సెలవు కూడా ఆ తేదీలను బట్టే పెట్టుకోండి.

3. జనవరి, ఫిబ్రవరి బ్యాచ్‌లు చూడండి. మంచు నమ్మకంగా ఉండేది అప్పుడే.

4. అఫర్వాట్ కొండ దాకా వెళ్లే గొండోలా (కేబుల్ కార్) రెండో దశ టికెట్ ఇప్పుడు వద్దు. మొదటి రోజుల్లో మీరుండేది కింద తక్కువ వాలున్న చోటే.

5. జీన్స్ వద్దు, తడిస్తే ఇక ఆరదు. స్కీ బూటులో ఒకే జత ఉన్ని సాక్సు చాలు. నిటారుగా నిలబడితే కాలి వేళ్లు బూటు ముందు భాగానికి తగలాలి, మోకాళ్లు వంచితే వెనక్కి జరగాలి. అలా లేకపోతే మొహమాటపడకుండా వేరే సైజు అడగండి.